నీరు కట్టమంటే పెట్టమనా, ఆపమనా?

సందేహం: చలిదేశాలకు పనికి వెళ్లే ప్లంబింగు కుర్రాళ్ల కోసం అక్కడి ఇళ్లను వేడినీటితో వెచ్చగా ఉంచే హీటింగ్ లైన్ల గురించి తెలుగులో పాఠం రాస్తున్నాను. లైనులో నీరు వదిలేయకుండానే వాల్వు మార్చే పద్ధతి అది. అందులో "ముందు పంపు కట్టి, తర్వాత నీరు కట్టండి" అని రాశాను. చదివినవారిలో ఒకరు నీరు ఆపమని, ఇంకొకరు నీరు పెట్టమని అర్థం చేసుకున్నారు. ఎవరిది తప్పు? పాఠానికి "హీటింగ్ డ్రెయిన్ చేయకుండా మరమ్మతు" అని పేరు పెట్టవచ్చా? వాల్వు అనాలా, కవాటం అనాలా?
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: ఇద్దరూ సరిగానే చదివారు. తప్పు వాక్యానిది.

"మడికి నీరు కట్టాడు" అంటే పెట్టాడని. "కుళాయి కట్టేశాడు", "మోటారు కట్టేశాడు" అంటే ఆపాడని. వేసవిలో మరమ్మతుల కోసం "కాలువలు కట్టేశారు" అన్నా ఆపడమే. విరేచనాలు కట్టడం, రక్తం కట్టడం కూడా ఈ వైపువే. పైకి ఎదురుబొదురు అర్థాల్లా ఉన్నాయి గానీ, డెల్టాలో బోదె గట్టున నిలబడి చూస్తే రెండూ ఒకే పని. రైతు బోదెకు అడ్డంగా మట్టి వేసి కడతాడు, పక్కన గట్టుకు గండి కొడతాడు, నీరు మడిలోకి తిరుగుతుంది. కట్టింది బోదెను, అందింది మడికి. ధవళేశ్వరంలో 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్ట చేసిందీ ఇదే: నదికి అడ్డుకట్ట, కాలువలకు నీరు.

కాబట్టి తేడా క్రియలో లేదు, దాని పక్కనున్న మాటల్లో ఉంది. "కి" చేరిన మాట ఉంటే, అంటే మడికి, తోటకి అని ఉంటే, నీరు వస్తుంది. కుళాయి, మోటారు, కాలువ వంటి మాట తానే కర్మగా ఉంటే నీరు ఆగుతుంది. మీరు రాసిన "నీరు కట్టండి"లో అదీ లేదు, ఇదీ లేదు. అందుకే చదివినవారు ఎవరి అలవాటును బట్టి వారు పూరించుకున్నారు. "వదలు" కూడా ఇలాంటిదే. కాలువలకు నీరు వదిలారంటే లోపలికి, ట్యాంకులో నీరు వదిలేశారంటే బయటికి. మీ ప్రశ్నలోని "నీరు వదిలేయకుండా" మీ ఉద్దేశం తెలిసినవారికే సూటిగా అర్థమవుతుంది.

"పంపు కట్టి" అన్నది ఇంకో చిక్కు. హీటింగ్ లైనులో వేడినీటిని రేడియేటర్లకు, అంటే గదుల్ని వెచ్చబరిచే ఇనుప పలకలకు, తిప్పే చిన్న మోటారును అక్కడివారు పంపు అంటారు. మన గోదావరి జిల్లాల ఇళ్లలో పంపు అంటే కుళాయి. మీ పాఠం చదివిన కోనసీమ కుర్రాడు వంటగదిలో కుళాయి తిప్పేసి, పంపు కట్టానండి అంటాడు. అసలు మోటారు తిరుగుతూనే ఉంటుంది. "మోటారు ఆపండి" అనండి.

డ్రెయిన్ మాటకు కూడా ఇక్కడ వేరే బతుకు ఉంది. భీమవరం వైపు డ్రెయిన్ అనగానే యనమదుర్రు, గొంతేరు గుర్తొస్తాయి. అది మురుగు కాలువకు పేరు, పనికి కాదు. "ఖాళీ చేయకుండా" అనవచ్చు గానీ, ఇంటి పనుల పాఠంలో "ఖాళీ చేయడం" చూస్తే అద్దె ఇల్లే ముందు తోస్తుంది. "తోడేయడం" చెరువుకు, నూతికి సరిపోతుంది. "వార్చడం" అన్నానికి. పైపులైనుకు "నీరు తీయడం" చాలు.

అయితే "నీరు తీయకుండా" అని రాస్తే అసలు నీరే రాదనుకుంటారు, కింద గిన్నె పెట్టరు. ఈ పని ఏ పద్ధతిలో చేసినా కొంత నీరు కారుతుంది. "నీరంతా తీయకుండా" అని రాయండి. ఆ "అంతా" ఉండాల్సిందే.

మాటలు ఎక్కడ జారతాయో తెలియాలంటే పనిని దశలవారీగా చూడాలి.

రేడియేటర్ ఒక్కటే విప్పాలంటే దాని రెండు కొసల్లోని వాల్వులు బిగిస్తే చాలు. ఒకదానికి చేతితో తిప్పే పిడి ఉంటుంది. రెండోదానికి పైన టోపీ ఉంటుంది. టోపీ తీసి పానాతో తిప్పుతూ ఎన్ని చుట్లకు బిగిసిందో లెక్క రాసుకోవాలి. ఇంట్లోని రేడియేటర్లన్నిటికీ వేడి సమానంగా పంచేది ఆ వాల్వే. తిరిగి తెరిచేటప్పుడు అన్నే చుట్లు విప్పాలి. పిడి స్థానంలో వేడిని బట్టి తానే తెరుచుకునే రకం ఉంటే సున్నాకు తిప్పి నమ్మకూడదు, గది బాగా చల్లబడితే అది తెరుచుకుంటుంది. దాని నోటికి మరమూత బిగించాలి. రేడియేటర్‌ను వాల్వుకు కలిపే నట్టు విప్పేటప్పుడు రెండో పానాతో వాల్వును పట్టుకోకపోతే పైపు మెలిపడుతుంది. తర్వాత రేడియేటర్ పైనున్న చిన్న మర తిప్పితే గాలి లోపలికి వెళ్లి, నీరు గిన్నెలోకి దిగుతుంది. ఈ మరకే లైను నింపాక "గాలి తీయడం" అనే పని ఉంటుంది. "గాలి వదలండి" అని రాయకండి, లోపలికో బయటికో తెలియదు. ఇక్కడైతే "గాలి వెళ్లనివ్వండి", అక్కడైతే "గాలి తీయండి".

వాల్వునే మార్చాలంటే పని ముదురుతుంది. నీరు కాచే బాయిలర్‌ను ఆపి, లైనులోని నీరు చల్లారనివ్వాలి. పాత తరహా ఇళ్లలో పైకప్పు కింద చిన్న తొట్టి ఉంటుంది. అందులోంచి లైనుకు నీరు దిగే రంధ్రంలో ఒక రబ్బరు బిరడా, తొట్టి మీదికి వంగి ఉండే గాలి గొట్టం కొసలో ఇంకో బిరడా గట్టిగా దిగ్గొట్టాలి. గొట్టం పైకొసను వేలితో మూసి నీళ్లలోంచి ఎత్తితే నీరు ఎలా నిలుస్తుందో లైనులోనూ అలాగే నిలుస్తుంది. పైనుంచి గాలి దూరకపోతే కింద విప్పినా కాస్తే కారుతుంది. ఎక్కడో ఒక రేడియేటర్ గాలి మర తెరిచి ఉందా, అంతా బడబడా వచ్చేస్తుంది. తానే గాలి వదిలే మరలు ఉంటే వాటి టోపీలూ బిగించాలి. లావు పైపుల్లో ఈ కిటుకు అంత నమ్మకం కాదు. ఒకే నోట్లోంచి నీరు దిగుతూ గాలి ఎక్కుతుంది. అందుకే కొత్త వాల్వును ముందే సిద్ధం చేసి చేతిలో పట్టుకోవాలి.

తొట్టి లేని లైనులో చల్లగా ఉన్నప్పుడు సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. ముందు కాస్త నీరు తీసి, ఒత్తిడి చూపే ముల్లును సున్నాకు దించాలి. అలా దించకుండా నట్టు వదులు చేస్తే నీరు చిమ్ముతుంది.

మూడో పద్ధతి పైపులో నీటిని గడ్డకట్టించడం. కట్టు క్రియ ఇక్కడ మూడో వేషంలో వచ్చింది, కానీ "గడ్డ" తోడుంది గనుక తికమక లేదు. పైపు చుట్టూ తొడుగు వేసి చల్లటి వాయువు చిమ్ముతారు. 15 మిల్లీమీటర్ల రాగి పైపులో కొన్ని నిమిషాల్లో మంచుగడ్డ బిగుస్తుంది, ప్లాస్టిక్ పైపుకు ఎక్కువసేపు పడుతుంది. నీరు కదులుతుంటే గడ్డకట్టదు, మోటారు ఆపమని పట్టుబట్టేది ఇందుకే. దగ్గరలో దీపంతో టంకం వేస్తే గడ్డ కరిగిపోతుంది, బిగింపు నట్ల కప్లింగే వాడాలి.

నీరంతా తీస్తే ఏం పోయింది అనేవాళ్లకు పాఠంలో రెండు ముక్కలు చేర్చండి: ఆ నీటిలో తుప్పు పట్టనివ్వని మందు కలిపి ఉంటుంది. కొత్త నీరు ప్రాణవాయువును వెంట తెస్తుంది, లోపల తుప్పు, నల్లటి బురద మొదలవుతాయి. మేడ మీది రేడియేటర్లకు గాలి పట్టేస్తుంది.

మీ విద్యార్థులకు బిరడా సంగతి ఇక్కడే చూపించవచ్చు. డాబా మీది ట్యాంకు నుంచి దిగే పైపుకు గాలి గొట్టం ఒకటి నిలబెట్టి ఉంటుంది. గేట్‌వాల్వు పాడైతే ట్యాంకు లోపలి నోట్లో తాడు కట్టిన గుడ్డ కుక్కుతారు. తాడు లేకపోతే గుడ్డ పైపులోకి జారి, పని రెండింతలు అవుతుంది. గాలి గొట్టం కూడా మూసి ఒకసారి, మూయకుండా ఒకసారి కింద కుళాయి తిప్పి చూడమనండి.

కవాటం గుండెకు బాగుంటుంది. రాజమండ్రి సామాన్ల కొట్లో వాల్వు అనే అడగాలి. పాఠంలోనూ అదే రాయండి.

ఇక మీ వాక్యం. "మోటారు ఆపండి. పైనుంచి లైనులోకి నీరు రాకుండా మూయండి." రెండు పనులకు రెండు వాక్యాలు. చివరి దశలో ఇది మరీ ముఖ్యం. "బాయిలర్ వేసే ముందు బిరడాలు తీయండి" అంటే చదివేవాడికి ముందు తగిలేది బాయిలర్ వేయడం. రెండు బిరడాలూ ఉండగా బాయిలర్ వేస్తే వేడికి పెరిగే నీటికి దారి ఉండదు, లైను పగిలే ప్రమాదం ఉంది. "బిరడాలు రెండూ తీయండి. తీశాకే బాయిలర్ వేయండి" అని రాయండి.