ఇంటి జాగ లేని కుటుంబానికి ఇల్లెలా వస్తుంది?

కిందటి సంచికలో తెలంగాణ ప్రభుత్వ ఇందిరమ్మ ఇళ్ల పథకం గురించి రాసిన తరువాత నల్లగొండ, మహబూబ్‌నగర్, నారాయణపేట, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ ఉత్తరాలు ఇల్లు కట్టుకోవడం గురించి కాక, కట్టుకోవడానికి జాగే లేనివారి గురించి ఉన్నాయి. ఈసారి శీర్షిక మొత్తం వారికే కేటాయిస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఊళ్ల పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ముగ్గురు పిల్లలతో పదేళ్లుగా వేరేవారి దొడ్లో గుడిసె వేసుకొని ఉంటున్నాం. సర్కారు ఊరూరా అర్జీలు తీసుకున్న ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టుకున్నాం, సర్వేకు వచ్చినవారు గుడిసె ముందు నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. ఇప్పుడు అడిగితే మీ పేరు ఎల్-2లో ఉంది, జాగ ఉన్నవారికే ముందు అంటున్నారు. జాగ లేకపోవడమే కదా మా పేదరికం! అదే కారణంతో మమ్మల్ని వెనక్కి నెడితే మేం ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగినదాంట్లో న్యాయం ఉంది. ముందు పథకం ఎలా నడుస్తోందో చెప్తాను. ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. సొంత స్థలం ఉన్న పేద కుటుంబానికి ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయలు ఇస్తారు. తొలి విడతలో ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గానికి 3,500 ఇళ్లు కేటాయించారు. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలనలో తీసుకున్న దరఖాస్తులను తరువాత యాప్ ద్వారా సర్వే చేసి మూడు జాబితాలుగా విడదీశారు. జాగ ఉండి ఇల్లు లేనివారు ఎల్-1, జాగ కూడా లేనివారు ఎల్-2, మిగిలినవారు ఎల్-3. తొలి విడతలో ఎల్-1 వారికే మంజూరు చేశారు. మీ దరఖాస్తు తిరస్కరణకు గురి కాలేదు, అర్హుల జాబితాలోనే ఉంది. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఎల్-2 అంటే అనర్హులని ఎవరైనా అంటే అది తప్పు.

అయితే అర్హుల జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన జాగ దానంతట అది రాదు. ఇక్కడే చాలామంది ఆగిపోతున్నారు. ఇల్లు అడగడం ఒక పని, ఇంటి జాగ అడగడం వేరొక పని. ఇంటి దరఖాస్తు గృహనిర్మాణ శాఖ చూస్తుంది. ఇంటి స్థలం పట్టా ఇచ్చేది రెవెన్యూ శాఖ. కాబట్టి మీరు తహసీల్దార్ కార్యాలయంలో ఇంటి స్థలం కోసం విడిగా ఒక దరఖాస్తు ఇవ్వాలి, దానికి రసీదు తీసుకోవాలి. ‘మాకు జాగ ఇప్పించండి’ అని మాత్రమే రాస్తే ఆ కాగితం దస్త్రంలో పడి ఉంటుంది. మీ ఊళ్లో ప్రభుత్వ భూమి ఎక్కడుందో, దాని సర్వే నంబరు ఎంతో కనుక్కొని, మీలాంటి కుటుంబాలు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి, అందరూ కలిసి అదే భూమిని చూపిస్తూ రాస్తే, అధికారి ఆ భూమి ఉందనో, లేదనో, వివాదంలో ఉందనో ఏదో ఒక సమాధానం రాసి ఇవ్వక తప్పదు. గ్రామసభలో ఇదే విషయం లేవనెత్తి తీర్మానంలో రాయించండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఆ తీర్మానం నకలు, తహసీల్దార్ కార్యాలయం రసీదు జతచేసి ఇవ్వండి.

ఈ కోరిక దయ కోసం చేసే విన్నపం కాదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మార్గదర్శకాల్లో, స్థలం లేని లబ్ధిదారులకు ప్రభుత్వ భూమి నుంచో ఇతర ప్రజా భూముల నుంచో స్థలం సమకూర్చే బాధ్యత రాష్ట్రానిదని రాసి ఉంది. ఆ పథకంలో మైదాన ప్రాంతాల్లో ఇంటికి ఇచ్చే 1.20 లక్షల్లో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి. గూడు కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చమేలీ సింగ్ కేసులో చెప్పింది. మన పాత నల్లగొండ జిల్లాకే ఇందులో ఒక చరిత్ర ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆ రోజు ఆ కుటుంబాలు తమకు ఎంత కావాలో లెక్క చెప్పి అడిగాయి. మీరూ లెక్కతోనే అడగండి.

ఒక హెచ్చరిక. ఎల్-2లో ఉన్నామన్న ఆత్రంలో కొందరు అప్పు చేసి తెల్లకాగితం మీదో, నోటరీ మీదో జాగ కొంటున్నారు. అది ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూమి అయితే 1977 నాటి చట్టం ప్రకారం ఆ అమ్మకమే చెల్లదు. డబ్బూ పోతుంది, జాగా పోతుంది. రిజిస్ట్రేషన్ కాని జాగకు ఒక్క రూపాయి కూడా బయానా ఇవ్వకండి.

ప్రశ్న: నా భర్త హమాలీ పని చేస్తాడు. కిరాయి కట్టలేక గది ఖాళీ చేశాం. ఇద్దరు పిల్లలతో ఇప్పుడు పట్టణంలో బస్టాండు దగ్గర ఒక దుకాణం అరుగు మీద పడుకుంటున్నాం. ఇంటి పథకాలు వచ్చేదాకా మాకు ఏ ఆసరా లేదా?

జవాబు: ఉంది. పట్టణాల్లో ఇల్లు లేనివారి కోసం ఆశ్రయ కేంద్రాలు ఉండాలని 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిర్దేశించింది. ప్రతి లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి చోటు, ఒక్కో మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలనీ, కుటుంబాలకు వేరుగా కేంద్రాలు ఉండవచ్చనీ అందులో ఉంది. 2011 జనాభా లెక్కల్లోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ లక్ష దాటాయి. మీరు మున్సిపల్ కార్యాలయంలో పట్టణ పేదరిక నిర్మూలన విభాగానికి (మెప్మా) వెళ్లి ఆశ్రయ కేంద్రం ఎక్కడుందో అడగండి. అక్కడి కేంద్రం మగవారికి మాత్రమే అంటే, మరి కుటుంబం ఎక్కడ ఉండాలో రాతపూర్వకంగా చెప్పమనండి. పిల్లలున్న తల్లిని ఒకచోట, తండ్రిని ఇంకొకచోట ఉండమనడం పరిష్కారం కాదని నా అభిప్రాయం.

అక్కడ చేరితే చాప, దుప్పటితో పాటు మరొకటి దొరుకుతుంది. కేంద్రం రిజిస్టరులో మీ పేరు పడుతుంది. మార్గదర్శకాల ప్రకారం అక్కడ ఉండేవారిని రేషన్, పింఛను, అంగన్‌వాడీ, బడి, ఆరోగ్య కేంద్రాలతో కలపాలి. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం అధిపతి ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్‌లో చిరునామాకు ఆధారంగా తీసుకుంటారు. ఇల్లు లేనివారికి అన్ని దారులూ మూసేది చిరునామా లేకపోవడమే కనుక, ఆ రిజిస్టరులో పడే ఒక్క వరుస మీకు మొదటి తాళంచెవి అవుతుంది.

ఓటు విషయం కూడా చెప్పాలి. ఇల్లు లేదని ఓటు హక్కు పోదు. ఓటరుగా పేరు నమోదుకు ఇచ్చే ఫారం 6లో మీరు రాత్రి పడుకునే చోటే చిరునామాగా రాయవచ్చు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట ఆ చోటికి ఒకటికి రెండుసార్లు వచ్చి, మీరు నిజంగానే అక్కడ పడుకుంటున్నారా అని చూసుకొంటారు. నిజమని తేలితే నివాసానికి వేరే కాగితం అడగరు. అంటే దుకాణం షట్టరు దించాక ఆ అరుగు మీద మీరు దుప్పటి పరచుకున్న చోటు కూడా ఎన్నికల సంఘం లెక్కలో చిరునామాయే.

ప్రశ్న: మేం పాలమూరు లేబర్. ఏడాదిలో ఎనిమిది నెలలు గుంపు మేస్త్రీ వెంట పుణే, ముంబై వైపు పోతాం. ఈసారి వానలకు ఊళ్లో మట్టి ఇల్లు కూలింది. మేం ఊళ్లో లేనప్పుడు సర్వే అయిపోతే ఎలా? పిల్లల చదువు, బియ్యం ఎట్లా?

జవాబు: కూలిన ఇంటి జాగ మీదే అయితే మీరు ఎల్-1లోకి వచ్చే అవకాశం ఉంది. జాగ మీ తండ్రి పేరున ఉందా, అన్నదమ్ముల మధ్య పంపకం అయిందా అన్నది ముందు తేల్చుకోండి, ఎందుకంటే ఇందిరమ్మ ఇల్లు ఆ ఇంటి మహిళ పేరున మంజూరవుతుంది, జాగ హక్కు కాగితం ఆ కుటుంబంతో పొసగాలి. వలస పోయేముందు పంచాయతీ కార్యదర్శికి మీ ఫోన్ నంబరు, కూలిన ఇంటి ఫోటోతో ఒక దరఖాస్తు ఇచ్చి పోండి. ఊళ్లో ఉన్న బంధువుకు దాని నకలు ఇవ్వండి. వలసలో ఉన్నారన్నది అనర్హత కాదు. కానీ ఇంటికి తాళం కనిపిస్తే, లేదా గోడలే కనిపించకపోతే, సర్వేకు వచ్చిన మనిషి మీ గురించి ఎవరిని అడుగుతాడో ఆ పక్కింటివారికి మీ సంగతి తెలిసి ఉండాలి.

బియ్యానికి మీ కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. ‘ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు’ ఏర్పాటు కింద ముంబైలోని చౌకధరల దుకాణంలోనూ వేలిముద్ర వేసి మీ వాటా తీసుకోవచ్చు, ఇద్దరు అక్కడా ముసలి తల్లిదండ్రులు ఊళ్లోనూ ఉంటే వాటా విడివిడిగానూ తీసుకోవచ్చు. పిల్లల విషయంలో మాత్రం పెద్దవారు తొందరపడి వెంట తీసుకుపోవడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువీకరణ లేదన్న కారణంతో ఏ బడీ పిల్లలను చేర్చుకోకుండా ఉండరాదు; టీసీ ఆలస్యమైందని కూడా ఆపరాదు. వలస కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకొనేందుకు సమగ్ర శిక్షలో సీజనల్ హాస్టళ్లకు వీలుంది. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. మండల విద్యాధికారిని దసరాకు ముందే కలవండి. బస్సెక్కే రోజు కలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రశ్న: మాకు ఇల్లు మంజూరైంది. ముగ్గు పోశారు. మేస్త్రీ, కొంచెం పెద్దగా కట్టుకొమ్మంటున్నాడు. చేతిలో డబ్బు లేదు. మొదటి బిల్లు ఎప్పుడు వస్తుంది?

జవాబు: మేస్త్రీ మాట వినకండి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 మించకూడదు, వంటగది, మరుగుదొడ్డి అందులో ఉండాలి. 600 దాటితే బిల్లు ఆగుతుంది. గోడల మందం కలిపి కొలిచేసరికి కొన్నిచోట్ల నాలుగైదు అడుగులు ఎక్కువ తేలి పేద కుటుంబాలు చిక్కుల్లో పడ్డాయి. ముగ్గు పోసిన రోజే మీ సొంత టేపు పట్టుకొని బయటి కొలత రెండువైపులా చూసుకోండి, పొడవును వెడల్పుతో గుణించి గోడ మీద బొగ్గుతో రాసుకోండి. మొత్తం 5 లక్షలు నాలుగు దశల్లో వస్తాయి. మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తుంది, ముందు రాదు. అధికారి అక్కడికే వచ్చి యాప్‌లో ఫోటో తీసి పంపిన తరువాత డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాబట్టి బేస్‌మెంట్ ఖర్చు మీరే ముందు పెట్టుకోవాలి. ఈ పథకంలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే. కూలిపని చేసుకొనేవారు ఆ తొలి ఖర్చుకు వడ్డీ వ్యాపారి దగ్గరకు పోతున్నారు. వడ్డీకి తెచ్చేముందు మీ మహిళా సంఘంలో అప్పు దొరుకుతుందేమో అడగండి.

ప్రశ్న: మా అడవి పల్లెలో చెంచు కుటుంబాలు బోద గుడిసెల్లో ఉంటున్నాయి. వీరికి వేరే పథకం ఉందా? (నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: ఉందండి. 2023 నవంబర్ 15న మొదలైన ప్రధానమంత్రి జన్‌మన్ పథకం ప్రత్యేకంగా బలహీన గిరిజన తెగల కోసం పెట్టినది, చెంచులు ఆ జాబితాలో ఉన్నారు. ఇంటికి 2 లక్షలు ఇస్తారు. మన్ననూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారా అడగాలి. అటవీ భూమి అన్న అడ్డు వస్తే 2006 అటవీ హక్కుల చట్టం కింద నివాసానికీ హక్కు గుర్తింపు ఉందన్న సంగతి గ్రామసభలో గుర్తుచేయండి. ఇంటి నమూనా వారినే అడిగి వేయించమని కోరండి. గుడిసె ముందు పొయ్యి పెట్టుకొని, చెట్టు కింద కూర్చొని పొద్దు గడిపే మనుషులకు వరుసకట్టి కట్టిన ఇరుకు గదులు నప్పవు.

ప్రశ్న: అత్తవారు నన్ను, నా కూతురిని ఇంటి నుంచి వెళ్లగొట్టారు. ఇల్లు మామ పేరున ఉంది కనుక నాకు హక్కు లేదంటున్నారు.

జవాబు: 2005 గృహహింస చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం మీరు కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు మీకుంది; ఆ ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ మిమ్మల్ని ఆ ఇంట్లోకి తిరిగి చేర్చమని గానీ, వేరే వసతి చూపించమని గానీ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఈ రాత్రికి చోటు లేకపోతే మహిళల సహాయవాణి 181కు ఫోన్ చేయండి, ఆపదలో ఉన్న స్త్రీలకు ఆసరా ఇచ్చే సఖి కేంద్రంలో 5 రోజుల దాకా ఉండవచ్చు. న్యాయవాదికి డబ్బు అక్కరలేదు. ఆదాయం ఎంతైనా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థతో కలుపుతారు. మీ పెళ్లి ఫోటో, ఆ ఇంటి చిరునామా ఉన్న ఆధార్, పాప బడి రసీదు ఒక కవరులో పెట్టుకొని వెళ్లండి. మీరు ఆ ఇంట్లో ఉన్నారని నిరూపించేవి అవే.