వదిలేసిన రొయ్యల చెరువులో మడ మొక్కలు ఎందుకు బతకడం లేదు?

మీరు అడిగింది ఇదీ: గోదావరి పాయ పక్కన వదిలేసిన రొయ్యల చెరువులో రెండేళ్లు వరసగా ఉప్పు పొన్న అనే మడ రకం నాటారు. రెండుసార్లూ మొదటి వేసవిలోనే మాడిపోయాయి. ఈసారి ఇంకా ఎక్కువ మొక్కలు తేవాలా, ఎరువు వెయ్యాలా?

రెండూ వద్దు. ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి, మొక్కల మాట తర్వాత. పోటు నీళ్లు చెరువులోకి ఎక్కుతున్నాయని రాశారు. అవి పాటుకి పూర్తిగా దిగిపోతున్నాయా లేదా అన్నదే చూడాల్సింది.

మడ నీళ్లలో పెరిగే చెట్టు కాదు, నీళ్లు వచ్చి పోయే చోట పెరిగే చెట్టు. ఫ్లోరిడాలో మడ పునరుద్ధరణ మీద ఏళ్ల తరబడి పనిచేసిన రాబిన్ లూయిస్ చెప్పిన లెక్క ప్రకారం, మడ నేల మునిగి ఉండే సమయం మొత్తం మీద 30 శాతం దాటకూడదు. చెరువు అడుగేమో చుట్టుపక్కల నేలకన్నా లోతు. గట్టుకి ఒక్క గండి ఉంటే అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్లు ఎక్కుతాయి, దిగే దారి లేక నిలిచిపోతాయి. ఎండకి నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. పక్షం తిరిగేసరికి మళ్లీ పోటు, దాని మీద మళ్లీ ఉప్పు. కూపులు వేసి, అంటే ముక్కలుగా విడగొట్టి వంతులవారీగా, మొత్తం నరికేసిన మడ అడవిలోనూ ఇదే జరుగుతుంది. నీడ పోయిన నేల ఎండి, కుంగి, పళ్లెంలా తయారై నీటిని పట్టి ఉంచుతుంది.

మీ చోట జరిగింది ఇదేనా అని మూడు విధాల చూడొచ్చు. తాపీ మేస్త్రీలు వాడే, నీళ్లు నింపిన మట్టం గొట్టం తెచ్చి, దగ్గర్లో ఏపుగా ఉన్న మడ చెట్టు మొదట్లో నేల ఎంత ఎత్తుందో, మీ చెరువు అడుగు ఎంత ఎత్తుందో కొలవండి. జానెడు తేడా కూడా చాలా పెద్ద తేడా. తర్వాత ఏప్రిల్లోనో మేలోనో నేలలో 30 సెంటీమీటర్ల గుంట తవ్వి, అందులో ఊరిన నీటిలో ఉప్పు ఎంతుందో చూడండి. పైన నిలిచిన నీళ్లు చూస్తే మోసపోతారు, వేరు తాగేది లోపలి నీటిని. రొయ్యల రైతుల దగ్గర ఉండే, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు చాలు. అద్దం మీద ఒక చుక్క వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు పట్టుకుంటే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. అంకె గీతలు దాటిపోతే సమానంగా మంచినీళ్లు కలిపి చూసి, వచ్చినదాన్ని రెట్టింపు చెయ్యండి. ఈ అంకె వెయ్యి పాళ్లకి ఎన్ని పాళ్లు ఉప్పో చెబుతుంది (పీపీటీ), సముద్రపు నీరు 35 దగ్గర ఉంటుంది. ఊరిన నీరు 40 లోపు ఉంటే ఉప్పు పొన్నకి అవకాశం ఉంది. 40 నుంచి 60 మధ్య అయితే తెల్ల మడ ఒక్కటే నమ్మదగింది. 70 దాటితే ఏదీ నాటకండి. మూడోది, చచ్చిన మొక్కను పీకి చూడడం. వేళ్లు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఉప్పు ఒక్కటే కాదు, గాలి ఆడక కూడా చచ్చిందన్నమాట.

నిలవ నీటికి మందు కాలవే. తమిళనాడు పిచ్చావరంలోనూ, మన గోదావరి, కృష్ణా మొగల దగ్గరా ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి చేసింది చేపముల్లు పద్ధతి. ఏటి నుంచి ఒక నడిమి కాలవ, దానికి రెండు వైపులా 45 డిగ్రీల ఏటవాలుగా పిల్ల కాలవలు. నడిమి కాలవ పైన రెండు మూడు మీటర్లు, అడుగున ఒక మీటరు వెడల్పు, మీటరుకి కాస్త తక్కువ లోతు ఉంటే సరిపోతుంది. పిల్ల కాలవలు అంతకన్నా చిన్నవి. కాలవ అడుగు ఏటి వైపు వాలుగా ఉండాలి. మధ్యలో ఒక్క దిబ్బ మిగిలినా దాని వెనక నీళ్లు గుంట కడతాయి, పెట్టిన ఖర్చంతా అక్కడే ఆగిపోతుంది. తవ్విన మట్టిని కాలవ వెంట గట్టులా పొయ్యకండి, పోటు పక్కలకి పారనివ్వదు. పల్లాలు పూడ్చడానికి వాడండి. గట్టుకి గండి కొట్టేటప్పుడు మీకు వీలైన చోట కాకుండా, చెరువు తవ్వకముందు పాయ ఎక్కడ పారేదో ఊళ్లో పెద్దవాళ్లని అడిగి అక్కడ కొట్టండి. నీరు పాతదారినే తొందరగా పట్టుకుంటుంది.

ఒక జాగ్రత్త. తవ్విన మట్టి గాలి తగిలాక తుప్పు రంగుకి తిరిగి, కాలవ నీళ్ల మీద నారింజ రంగు తెట్టె కడితే అది పులుపు నేల. సున్నం బస్తాలు కొనేకన్నా, ఒక వానాకాలమంతా పోటూ పాటూ కడగనివ్వడం మేలు. అందుకే తవ్వకం మార్చి, మే మధ్య అయిపోవాలి. గోదావరి వరద ఉప్పునీ పులుపునీ కడిగాక, నవంబరు, డిసెంబరులో నాటాలి. తవ్వే ముందు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి, మడ ఉన్న తీరం తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో (సీఆర్‌జెడ్) గట్టి రక్షణ ఉన్న 1ఏ తరగతి కిందికి వస్తుంది.

మొదట తెల్ల మడ వెయ్యండి. పండిన కాయల్ని ఒకటి రెండు రోజులు ఉప్పుటేటి నీళ్లలో నానబెడితే పైతొక్క ఊడి, ఒకదాన్నొకటి కరుచుకున్న రెండు మందపాటి పచ్చని దళాలు బయటపడతాయి. వాటిని మొక్కలు పెంచే సంచిలోని బురద మీద వేరు వైపు ఆనించి మెల్లగా నొక్కాలి, పాతిపెడితే కుళ్లిపోతుంది. సంచి అడుగున చిల్లులు మరవకండి. ఉప్పు పొన్నకి కాయ చెట్టు మీదే మొలిచి పొడవాటి కాడలా వేలాడుతుంది, ఆ కాడల్ని కాయకీ కాడకీ మధ్య పసుపో ఎరుపో పట్టీ కనిపించినప్పుడే కొయ్యండి. పట్టీ లేనిది పచ్చిది, మొలవదు. కాయను చేత్తో ఊడబీకితే మొలక విరుగుతుంది. కాడలో మూడోవంతు బురదలోకి, నిటారుగా. కాలవ వాలులో సగం ఎత్తున నాటండి. అడుగున నాటితే మునుగుతుంది, పైన నాటితే ఎండుతుంది.

తర్వాత చంపేవి రెండే. ఒకటి గేదెలు, మేకలు. తెల్ల మడ ఆకు వాటికి మహా ఇష్టం. రెండు సంవత్సరాలు కంచో కాపలానో లేకపోతే కష్టమంతా మేతైపోతుంది. రెండోది ఒండ్రు. మొదటి మూడేళ్లు ఏటా కాలవలు తోడించాలి, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. మొక్కల కాండానికి బార్నకిల్ గుల్లలు పట్టాయంటే గీకుతూ కూర్చోవద్దు. ఆ చోటు మరీ పల్లమని అర్థం, ఆ వరసని పైకి జరపండి.

చెరువులో కుదరలేదని పాటుకి తేలే బురద మైదానంలో మాత్రం నాటకండి. కాకినాడ దగ్గర అలాంటి మైదానాలు గుల్లలకీ, ఉల్లంకి పిట్టల మేతకీ నెలవు. ఫిలిప్పీన్స్‌లో ఇలా పల్లపు బురదలో నాటిన పొన్నల్లో చాలాచోట్ల 10 నుంచి 20 శాతమే మిగిలాయి.

రెండో ఏడు వానలు వెలిశాక వెళ్లి, మీరు నాటని మొలకలు లెక్కపెట్టండి. ఏరు మోసుకొచ్చిన మడ గింజలు కాలవ వాలున వాటంతటవే నాటుకుని ఉంటే నీళ్లు సరిగ్గా ఆడుతున్నట్టే, ఇక అక్కడ కొత్త మొక్క కొనక్కర్లేదు. ఒక్కటీ లేకపోతే మట్టం గొట్టం తీసి మళ్లీ కాలవ అడుగు కొలవండి.