ప్రవర్తన వెనుక జన్యువులను వెతికే పరిశోధన: పదకొండేళ్ల అనుభవం

ఎమ్మెస్సీ జెనెటిక్స్ తరువాత మెదడు, ప్రవర్తనలపై జన్యువుల ప్రభావాన్ని పరిశోధించాలనుకుంటున్నాననీ, ఆ వృత్తిలో శ్రమకు తగిన ఫలితం దక్కుతుందా అనీ మీరు అడిగారు. బెంగళూరులో పదకొండేళ్లు డ్రోసోఫిలా ఈగల నిద్రపై పనిచేసినవాడిగా జవాబిస్తున్నాను. (మన మామిడి రైతులు పండు ఈగ అనేది వేరే జాతి, మాది మగ్గిన అరటిపండు మీద ముసిరే మూడు మిల్లీమీటర్ల ఈగ.)

ఫలితం గురించి అడిగారు కనుక రొనాల్డ్ కొనోప్కా సంగతి ముందు చెప్పాలి. భౌతికశాస్త్రం నుంచి జన్యుశాస్త్రానికి వచ్చిన సీమోర్ బెంజర్ వద్ద, అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో ఆయన విద్యార్థి. ఈగలు ప్యూపా (పురుగు ఈగగా మారే గూడు దశ) నుంచి బయటికి వచ్చే వేళలను గమనిస్తూ, ఇరవై నాలుగు గంటల లయ 19 గంటలకు కుదించుకుపోయిన రకాన్ని, 28 గంటలకు సాగిన రకాన్ని, అసలు లయే లేని రకాన్ని పట్టుకున్నారు. మూడింటిలోనూ లోపం ఒకే జన్యువులో ఉందని గురుశిష్యులు 1971లో ప్రకటించారు. దానికి పీరియడ్ అని పేరు. ఆ తరువాత కొనోప్కా ప్రచురించిన పత్రాలు తక్కువ. ప్రొఫెసర్ ఉద్యోగం శాశ్వతం కాలేదు. ఆ జన్యువు పనితీరును విప్పిచెప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చేనాటికి కొనోప్కా కన్నుమూసి రెండేళ్లు. మన దేశంలో ఈ రంగానికి బాట వేసిన ఒబైద్ సిద్దిఖీ కూడా బెంజర్‌తో కలిసి పనిచేసినవారే. వేడి తగిలితే పక్షవాతం వచ్చినట్టు పడిపోయే ఈగలపై వారి పని ప్రసిద్ధం.

ఇక రోజువారీ పని అంటే ముఖ్యంగా లెక్కపెట్టడమే. సన్నటి గాజు గొట్టంలో ఒక్కో ఈగను ఉంచితే, అది పరారుణ కిరణాన్ని దాటిన ప్రతిసారీ యంత్రం నమోదు చేస్తుంది. ఐదు నిమిషాలు కదలకపోతే నిద్రగా లెక్కిస్తాం. నా రెండో ఏట తక్కువ నిద్రపోయే మ్యుటెంట్ (జన్యువు మారిన ఈగ రకం) ఒకటి దొరికిందని మురిసిపోయి, దాని మీదే రెండేళ్లు గడిపాను. చివరికి ఆ ఈగలను మామూలు ఈగలతో ఆరు తరాలు బ్యాక్‌క్రాస్ చేసి (అంటే ప్రతి తరంలోనూ మళ్లీ మామూలు ఈగలతోనే జతకట్టించి) చూస్తే, నేను చెడగొట్టిన జన్యువు అలాగే ఉంది గాని నిద్రలో తేడా మాయమైంది. ఆ తేడా ఆ స్టాకులో, అంటే ల్యాబ్‌లో పెంచే ఆ ఈగల వంశంలో, మొదటినుంచీ ఉన్న వేరే జన్యువుల వల్ల వచ్చిందన్నమాట. ఆ పని మొదటి నెలలోనే మొదలుపెట్టవలసింది, బద్ధకించాను.

మనుషుల విషయంలో ఈ పొరపాటు ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనాన్ని కణాల్లోకి తిరిగి చేర్చే సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ జన్యువులోని ఒక రకం ఉన్నవారిలో జీవితంలోని ఒత్తిళ్లు ఎక్కువగా డిప్రెషన్‌కు దారితీస్తాయని 2003లో వచ్చిన పత్రం ఎంతో పేరు పొందింది. లక్షలాది మంది సమాచారంతో 2019లో అలా డిప్రెషన్‌తో ముడిపెట్టిన 18 జన్యువులను పరీక్షిస్తే, వాటి ప్రభావం ఊరికే ఏరుకున్న జన్యువుల కంటే మెరుగ్గా ఏమీ లేదని తేలింది. అందుకే, మా పెద్దమ్మ తన మనవడి కోపం తాత జన్యువేనా అని అడిగినప్పుడల్లా, ఒక్కో జన్యువు వాటా అణువంత అని చెబుతాను, ఆవిడ నమ్మదు.

జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవారికిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం. బెంగళూరులో ఒంటరిగా గడుస్తుంది. చేరే ముందు ఏదైనా ల్యాబ్‌లో రెండు నెలలు ప్రాజెక్టు సహాయకులుగా ఉండి, సీసాలు మార్చి, మొక్కజొన్న పిండి, ఈస్టు కలిపి ఈగల మేత వండి చూడండి. అక్కడి సీనియర్లను, తమ ఫలితాల్లో ఎన్ని బ్యాక్‌క్రాస్‌కు నిలిచాయో అడగండి.