సమాధానం: ఆదివారం సంతోషం సోమవారానికి నిలవట్లేదు

వందనాలు బ్రదర్. హన్మకొండలో ఆరాధన అయ్యేదాకా బాగానే ఉండి, సోమవారం దుకాణం తెరవగానే బాకీలు గుర్తొచ్చి మనసు ఎండిపోతోంది, ఇది అవిశ్వాసమా అని అడిగారు. కాదు. దిగిపోయింది పాటల ఊపు మాత్రమే.

చాలామంది పొరపాటు ఏంటంటే, బాధను నొక్కిపెట్టి నేరుగా స్తుతికి దిగడం. బైబిల్లో 13వ కీర్తన చూడండి, ఆరే వచనాలు. మొదటి రెండూ 'ఎంతకాలం' అన్న మొర, 3-4 ప్రార్థన, హర్షం వచ్చేది 5లో. ఆ వరుస తప్పిస్తే నోరు పాడుతుంది, లోపల ఏం కదలదు. పొద్దున ఫోన్ ముట్టకముందే పది నిమిషాలు ఆ కీర్తన పైకి చదవండి. మొర దగ్గర ఆగి మీ బాకీ ఎవరికి, ఎంత అన్నది దేవునికి ఉన్నదున్నట్టు చెప్పండి. అడగాల్సింది అడిగాకే, ఆయన గతంలో చేసిన మేలు ఒక్కటి తలచుకోండి. ఒక్కటి చాలు, చిట్టా వద్దు.

హబక్కూకు ప్రవక్త రాసిన 3:17-18 కూడా అంతే. పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు అని లెక్క చెప్పాకే ఆనందిస్తానంటాడు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర పడిన రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

సంతోషాన్ని పంచుకోవడం కూడా నేర్చుకోండి. నెహెమ్యా 8:10లో ఏమీ సిద్ధం చేసుకోనివారికి భోజనంలో వంతులు పంపమన్నారు. వారానికోసారి ఒక ఇంటికి టిఫిన్ పట్టుకెళ్లండి.

రెండు వారాలుగా నిద్ర, ఆకలి లేకుంటే మాత్రం ఉపవాసం ఉంటుంటే ఆపి డాక్టర్‌ను కలవండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.