ఆ గది గురించి ముందు మీ ఆయనతో మాట్లాడండి

ప్రశ్న: నా వయసు 29. పెళ్లయి నాలుగేళ్లు. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. రాత్రి అందరూ పడుకున్నాక బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ గేమ్ ఆడతాను, పన్నెండింటికల్లా ఆపేస్తాను. అందులో నా క్యారెక్టర్ నాలా ఉండదు. మంచి ఒడ్డూ పొడుగూ, బుగ్గ మీద గాటు, ఎవరికీ తలవంచదు. చిన్నప్పుడు నాన్నమ్మ నన్ను పిలిచిన ముద్దుపేరే దానికి పెట్టాను. ఇప్పుడు నన్ను అలా పిలిచేవాళ్లు లేరు. దాని మాట గేమ్‌లో తోడుండే పాత్రలకి నచ్చకపోయినా, అంతకుముందు సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి వెళ్లి మాట మార్చను. మా ఆయన చాలా మంచివారు, గట్టిగా ఒక్క మాట అనరు. వచ్చే నెల నుంచి మా ఆడపడుచు పిల్లలిద్దరూ మా దగ్గరే ఉండి చదువుకుంటారు, ఆయన మాటిచ్చేశారు. నా కంప్యూటర్ ఉన్న గది వాళ్లకి ఇస్తున్నాం. నాది అడిక్షనా? ఎలాగూ గది పోతోంది కదా, గేమ్ తీసేయడానికి ఇదే మంచి సమయమా?

జవాబు: అడిక్షన్ గురించి ఒక్క ముక్కలో చెప్పేసి వదిలేస్తానమ్మా. మీరు రాసినదాన్ని బట్టి అయితే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే వ్యాధుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది, 2022 నుంచి అది అమల్లో ఉంది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే అదే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఏడాదిపాటు కనిపించి, ఉద్యోగమూ కుటుంబమూ గట్టిగా దెబ్బతింటేనే ఆ పేరు పెడతారు. మీరు పన్నెండింటికి ఆపేసి పొద్దున్నే పనిలో కూర్చుంటున్నారు. ఆ మాట ఇక పక్కన పెట్టేయండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే వాక్యం. ‘ఆయన మాటిచ్చేశారు.’ మిమ్మల్ని అడిగారా? అడిగినట్టు ఎక్కడా రాయలేదు. ఇద్దరు పిల్లలు మీ ఇంటికి వస్తున్నారు, ఇంటి నుంచి పని చేసేది మీరు, పగలంతా వాళ్లకి కనిపించేది మీరు, గది వదులుకుంటున్నది మీరు. ఇంత పెద్ద నిర్ణయం మీకు చివర్లో తెలిసింది. దాని మీద మీకు ఏమనిపించిందో ఒక్క ముక్క కూడా రాయకుండా, తప్పు మీ గేమ్‌లో ఉందేమో అని నన్ను అడుగుతున్నారు. కోపం రావలసిన చోట మీరు అపరాధభావం తెచ్చుకున్నారు, అదే నాకు బాధగా ఉంది.

ఆ క్యారెక్టర్ సంగతి కూడా చూద్దాం. ఆ గేమ్‌లో క్యారెక్టర్‌కి ఎంచుకోవడానికి పదకొండు జాతులున్నాయి, యోధుడు, మాంత్రికుడు లాంటి పన్నెండు క్లాసులున్నాయి. కొమ్ములున్న టీఫ్లింగ్‌గానో, మరొకటిగానో ఎవరికీ తెలియని పేరుతో తిరగవచ్చు. మీరు మాత్రం మీ చిన్నప్పటి పేరే తీసుకెళ్లి పెట్టారు. తన నుంచి తాను పారిపోయే మనిషి సొంత పేరు వెంట తీసుకెళ్లదు. ఇంట్లో చోటు దొరకని మనిషిని మీరు అక్కడ దాచుకున్నారు, అంతే. నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అనే పరిశోధకులు 2007లో ప్రోటియస్ ఎఫెక్ట్ అని ఒకదాన్ని వివరించారు, అంటే తెర మీద మన బదులు ఉండే బొమ్మ, అదే అవతార్, ఎలా ఉంటే మన తీరూ కొంత అలా మారడం. పొడవైన అవతార్ ఇచ్చినవాళ్లు డబ్బు పంచుకునే బేరంలో మిగతావాళ్ల కంటే గట్టిగా నిలబడ్డారట. ఆ తర్వాతి ప్రయోగంలో, తెర నుంచి బయటికి వచ్చి ఎదురెదురుగా కూర్చున్నాక కూడా కాసేపు ఆ గట్టితనం నిలిచిందట. కాబట్టి రాత్రి మీరు మాట్లాడే మాటలు ఉత్తుత్తివి అనుకోకండి. ఇంకొకటి కూడా గమనించండి. తోడున్నవాళ్లకి మీ మాట నచ్చకపోతే ఆ గేమ్‌లో వెంటనే తెర మీద చూపిస్తుంది, మరీ నచ్చకపోతే వాళ్లు మిమ్మల్ని వదిలి వెళ్లిపోనూ వచ్చు. అయినా మీరు వెనక్కి వెళ్లి మాట మార్చుకోవడం లేదు. ఎదుటివాళ్ల అయిష్టాన్ని భరించడం మీకు తెలుసన్నమాట. మీ ఆయన ముఖం కాస్త ముడుచుకుంటుందేమో అన్న ఒక్క భయం దగ్గర మాత్రం ఆగిపోతున్నారు.

ఆయన మంచివారే అయ్యుంటారు, నేను కాదనను. గొంతు పెంచని మనిషితో ఒక ఇబ్బంది ఉంది, ఆయన మీద కోపం తెచ్చుకోవడానికే మనకి సిగ్గేస్తుంది. కానీ భార్య తరఫున తానే ఒప్పేసుకోవడం మంచితనం కిందికి రాదు, ఎంత మెత్తగా చేసినా సరే. అలాగని తప్పంతా ఆయన మీదే వేయను. నాలుగేళ్లుగా ప్రతిదానికీ ‘సరేనండీ’ అంటుంటే, అడగాల్సిన అవసరం ఉందని ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది? కాదనగలిగే మీరు ఆయనకి ఎప్పుడూ ఎదురుపడనే లేదు.

తోడబుట్టినవాళ్ల పిల్లల్ని దగ్గర పెట్టుకుని చదివించే ఇళ్లంటే నాకు చాలా గౌరవం, అది చిన్న పని కాదు. కానీ మీ పేరు మీద వేరొకరు ఒప్పుకున్న బాధ్యత మిమ్మల్ని అడిగేదాకా మీది కాదు, ఇది నేను గట్టిగా నమ్ముతాను. అడగకుండా మీద పడ్డ బాధ్యతతో పిల్లల్ని పెంచితే ఆ విసుగు తగిలేది పాపం ఆ పిల్లలకే.

అందుకని ఈ వారంలోనే ఆయనతో మాట్లాడండి. ఆయనతోనే, అత్తగారితో కాదు, మీ ఆడపడుచుతో అసలే కాదు. ‘పిల్లలు రావడం గురించి మీరు నన్ను అడగలేదు, నాకు బాధ కలిగింది’ అనండి. వెంటనే ‘పర్లేదులెండి’ అని మాత్రం అతికించకండి. ఆ తర్వాత పనుల లెక్కకి రండి: పొద్దున్నే వాళ్లని తయారు చేసేది ఎవరు, సాయంత్రం చదివించేది ఎవరు, మీకు మీటింగ్ ఉన్నప్పుడు చూసుకునేది ఎవరు. వీటిలో సగం ఆయన చేతిలో పెట్టాలి. మీకు తలుపు వేసుకునే చోటు ఒకటి ఉండాలి, అది పని కోసమే అని సాకు చెప్పక్కర్లేదు. ఆయన రెండు రోజులు ముభావంగా ఉంటే ఉండనివ్వండి, మీరు వెళ్లి బతిమాలకండి. ఇదంతా మాట్లాడాక, మీ శక్తికి ఇది మించిపోతుందని నిజంగా అనిపిస్తే వద్దనండి. మీ ఆడపడుచుకి ఆ మాట చెప్పాల్సింది కూడా ఆయనే, ఎందుకంటే మాటిచ్చింది ఆయన.

గేమ్ సంగతి ఆయనకి తెలియకపోతే చెప్పండి, మీ క్యారెక్టర్‌ని చూపించండి, ఆ పేరు ఎవరు పెట్టారో కూడా చెప్పండి. తీసేయాలా వద్దా అన్నది ఈ మాటలన్నీ అయ్యాక మీ ఇష్టం. నాకు మళ్లీ రాస్తే మాత్రం ఆయన ఏమన్నారో రాయండి.