ఊరికి తిరిగిచ్చే 180 గంటలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల డిగ్రీ విద్యార్థులవే. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది కవిటి మండలం. డిగ్రీ మొదటి ఏడాది అయింది. వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలు చెయ్యాలి. కిడ్నీ జబ్బు మీద చేద్దామంటే "మళ్ళీ సర్వేనా తల్లీ?" అని మా వీధివాళ్ళే మొహం తిప్పుకుంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: వాళ్ళ విసుగులో న్యాయముంది. కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ మీ ఉద్దానంలో రక్తం తీసుకెళ్ళినవాళ్ళు, మూత్రం సీసాలు పట్టుకెళ్ళినవాళ్ళు, కాగితాలు నింపుకెళ్ళినవాళ్ళు చాలామంది. తిరిగొచ్చి "మీ ఇంట్లో తేలింది ఇదీ" అని చెప్పినవాళ్ళు తక్కువ. అందుకని ప్రశ్నలు రాసుకునే ముందు, ఆ ఊరికి తిరిగి ఏమిస్తారో ఒక వాక్యంలో రాసుకోండి.

జబ్బుకు కారణం కనిపెట్టడం మీ పని కాదు. ఏళ్ళ తరబడి పరిశోధకులు వెతుకుతున్నా ఇదమిత్థమని తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోత కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది, షుగరు, బీపీ లేనివాళ్ళకు కూడా. ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోయేదాకా పనిచెయ్యడం, తాగే నీరు, పురుగుమందులు అన్నీ అనుమానాల జాబితాలోనే ఉన్నాయి. కాబట్టి "నీళ్ళవల్లే కదండీ?" అని అడక్కండి. అవునంటారు. మీ మాటే మీకు తిరిగొచ్చినట్టు, అంతకుమించి అందులో సమాచారమేమీ ఉండదు.

మీ చేతిలో అయ్యే పని వేరే ఉంది. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీళ్ళు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. మీ వీధి కుళాయికి ఆ నీళ్ళు వారంలో ఎన్ని రోజులు, ఎంతసేపు వస్తున్నాయి? తాగడానికి ఏవి, వంటకు ఏవి? 20 లీటర్ల టిన్నులకు నెలకు ఎంతవుతోంది? డయాలసిస్‌కు వెళ్ళే ఇంట్లో ఆటో ఖర్చెంత, తోడు వెళ్ళేవాళ్ళు కూలి ఎన్ని రోజులు పోగొట్టుకుంటున్నారు? ఇవి అడిగితే చెప్తారు, ఎందుకంటే ఇవి వాళ్ళ బాధలే.

గంటలు ఇలా పంచుకోండి: సర్పంచిని, పంచాయతీ కార్యదర్శిని, ఏఎన్ఎంను, ఆశాను కలవడానికి 10. ఇంటింటికీ తిరగడానికి 30. లెక్కలు కట్టడానికి 20. అవగాహన కార్యక్రమానికి 15. అసలు పనికి, అంటే నీళ్ళ నమూనాలకు, అర్జీలకు, ఆఫీసుల చుట్టూ తిరగడానికి 75. ఊళ్ళో వినిపించడానికి, నివేదిక రాయడానికి 30. మీ మెంటారు వేరే లెక్క చెప్తే అదే పాటించండి గానీ, వినిపించే గంటల్ని మాత్రం కోసెయ్యనివ్వకండి.

ఇంటికి 25 నిమిషాల చొప్పున 60 ఇళ్ళంటే 25 గంటలు. మిగతా 5 తలుపు తాళాలకు పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో జనం జీడి తోటల్లో ఉంటారు. పదింటికి వెళ్తే ముసలివాళ్ళే దొరుకుతారు, లెక్క ఒకవైపు ఒరిగిపోతుంది. పొద్దున్న ఆరున్నరకు ముందో, సాయంత్రం ఐదు దాటాకో వెళ్ళండి. ముందు 5 ఇళ్ళలో ప్రశ్నాపత్రం పరీక్షించి, జనం తడబడిన ప్రశ్నలు మార్చాకే మిగతా ఇళ్ళకు. జబ్బు వివరాలున్న కాగితం మీద పేరు వద్దు, సంఖ్య వెయ్యండి. పేర్ల పట్టిక వేరే నోటుబుక్కులో మీ దగ్గరే ఉండాలి, కాలేజీకి ఇవ్వొద్దు.

నీటి నమూనాల దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. బోరును రెండు మూడు నిమిషాలు కొట్టి పాత నీరు పోనిచ్చాక, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి పట్టాలి. కూల్‌డ్రింకు సీసా పనికిరాదు. సీసా మీద తేదీ, సమయం, బోరా ట్యాంకా రాయాలి. రెండూ కలిపేస్తే ఫలితానికి అర్థమే లేదు. క్రిములు చూడాలంటే ల్యాబు ఇచ్చే శుద్ధి చేసిన సీసాలో, దాన్ని కడగకుండా, నీరు పట్టి, ఐసు డబ్బాలో పెట్టి 24 గంటల్లోపు చేర్చాలి. పెన్నులాంటి టీడీఎస్ మీటరు లవణాలు ఎంతున్నాయో మాత్రమే చెప్తుంది. ఫ్లోరైడు, క్రిములు, పురుగుమందుల మాట దానికి తెలియదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణంలో టీడీఎస్‌కు లీటరుకు 500 మిల్లీగ్రాములు ఆమోదనీయం, వేరే ఆధారం లేనప్పుడు 2000 వరకు. ఫ్లోరైడుకు 1, గరిష్ఠంగా 1.5.

ప్రశ్న: విజయనగరంలో డిగ్రీ చదువుతూ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం)లో ఉన్నాను. ఆ గంటలు, ప్రాజెక్టు గంటలు ఒకటేనా?

జవాబు: కావు. ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 చొప్పున రెండేళ్ళకు 240 గంటలు, దాంతోపాటు 7 రోజుల ప్రత్యేక శిబిరం. ఊరు ఒకటే కావచ్చు, పని కూడా ఒకదానికొకటి కొనసాగింపు కావచ్చు. అదే మేలు కూడా. ఒకే గంటను రెండు పుస్తకాల్లో మాత్రం రాయకండి. సెమిస్టరు పరీక్షలకు ముందు మూడు వారాలు సేవ పని పెట్టుకోకండి, ఆ మాట ఊరివాళ్ళకు ముందే చెప్పండి. చెప్పకుండా మాయమైతే మరోసారి తలుపు తియ్యరు.

ప్రశ్న: పలాసలో బీకాం. జీడి కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్ళ కూలి మీద రాయాలని ఉంది. ఇందులో ప్రపంచ న్యాయం సంగతి ఎలా తేవాలి?

జవాబు: ప్రత్యేకంగా తేవక్కర్లేదు, బస్తాలోనే ఉంది. పలాసలో పిక్కల (పెంకు తీయని జీడిగింజల) ధర చెప్పేది 80 కిలోల బస్తాకు. ఐవరీ కోస్ట్ పిక్కల నాణ్యత కొలిచేదీ 80 కిలోల బస్తాకే: దాన్నుంచి ఎన్ని పౌన్ల (పౌండ్ల) పప్పు వస్తుందన్నది లెక్క. మంచి సరుకుకు 47, 48 పౌన్లు, అంటే 21 కిలోల పైమాటే. పప్పు రకాల్లో డబ్ల్యూ 320 అంటే పౌనుకు సుమారు 320 విరగని జీడిపప్పులు. ప్రపంచంలో ఎక్కువ పిక్కలు పండించే దేశాల్లో ఐవరీ కోస్ట్ ముందుంది. అక్కడి పంటలో చాలా భాగం పిక్కగానే వియత్నాంకు, మన దేశానికి వస్తుంది. మీ వీధిలో కూలి, అక్కడి రైతు ధర, అమెరికాలో ప్యాకెట్టు ధర ఒకే పట్టికలో పక్కపక్కన రాయండి. అదే మీ ప్రాజెక్టు.

కూలి అడిగేటప్పుడు "రోజుకు ఎంత?" అంటే తప్పు అంకె వస్తుంది. పెంకు కొట్టే పనికి, పొట్టు తీసే పనికి కిలో లెక్క. నిన్న ఎన్ని కిలోలు తీశారు, కిలోకు ఎంత, విరిగిన పప్పుకు కూలిలో ఏమైనా కోశారా, ఎన్ని గంటలు కూర్చున్నారు అని విడివిడిగా అడిగి, భాగహారం మీరు చెయ్యండి. తర్వాత చేతులు చూపించమనండి. పెంకు కొట్టేవాళ్ళకు అందులోని నూనె ఒరిసి వేళ్ళ చివర్లు నల్లబడి, చర్మం పెచ్చులు లేస్తుంది. గ్లవ్స్ ఇచ్చినా చాలామంది వేసుకోరు, పిక్క పట్టు దొరక్క పని నెమ్మదిస్తుంది, కిలోలు తగ్గుతాయి. పోనీ వాళ్ళకు తెలియదేమో అని అవగాహన సభ పెట్టకండి. తెలుసు. అడ్డం వస్తోంది కిలో లెక్క.

కార్ఖానా గుమ్మంలో అడగొద్దు, ఇంటి దగ్గర అడగండి. నివేదికలో కార్ఖానా పేరు, మనిషి పేరు, ఫొటో ఉండకూడదు. 10 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట, నెల జీతం 21,000 దాటనివాళ్ళకు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది. కార్డు ఉందా లేదా అన్నది మంచి ప్రశ్న. ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలి కాగితాలు దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి. రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10. జవాబుకు గడువు 30 రోజులు కాబట్టి సెలవులు మొదలయ్యే రోజే అర్జీ పెట్టాలి. చివరి వారంలో పెట్టినవాళ్ళ నివేదికల్లో ఆ పేజీ ఖాళీయే.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా బావ, అతని స్నేహితులు మా బృందానికి 500 డాలర్లు పంపుతామంటున్నారు. నా ఖాతాలో వేయించుకోవచ్చా?

జవాబు: వద్దు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు, మన ఊరివాళ్ళదైనా, విదేశీ విరాళమే. సామాజిక కార్యక్రమానికి దాన్ని తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. నమోదైన సంస్థ కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే తీసుకోవాలి, 2020 సవరణ తర్వాత దాన్ని మరొకరికి మళ్ళించడానికి వీల్లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది వేరే సంగతి. అయినా విద్యార్థి సొంత ఖాతాలో ఊరి డబ్బు పెట్టుకోవడం మాకు నచ్చదు. బావగారిని ఇంకొకటి అడగండి: అక్కడి దుకాణంలో జీడిపప్పు ప్యాకెట్టు వెనక ఏ దేశం పేరుందో, పౌను ఎంతో ఫొటో తీసి పంపమనండి. పైనున్న పలాస మిత్రుడికి అది అక్కరకొస్తుంది.

ప్రశ్న: "అంతర్జాతీయ వాలంటీరు సర్టిఫికెట్" 3,000 రూపాయలకు ఇస్తామంటున్నారు. తీసుకోనా?

జవాబు: డబ్బు కట్టి కొనేది సేవ ఎలా అవుతుంది? ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగంలో ఆన్‌లైన్ పని 18 నిండినవాళ్ళకు ఉచితం. అనువాదం, డేటా, పోస్టర్ల డిజైనులాంటివి ఉంటాయి. ఇంగ్లీషులో దరఖాస్తు రాయాలి. అందులో ఏం చూపించాలంటారా, మొదటి జవాబులో చెప్పిన 60 ఇళ్ళ సర్వేలాంటిది మీరు చేస్తే ఆ పట్టిక చూపించండి.