కల్యాణి ఏ రంగు?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. చెన్నై దగ్గర చోళమండలం కళాకారుల గ్రామంలో ఉండే అబ్‌స్ట్రాక్ట్ పెయింటరు, డిసెంబరు కచేరీల సీజన్, మ్యూజిక్ అకాడమీలో కల్యాణి రాగం వింటుంటే కళ్ల ముందు రంగులు. వస్తువు బాగుంది. కానీ "రంగులు నాట్యమాడాయి" అని ఐదు పేజీల్లో నాలుగుసార్లు రాశావు. పాపం, వాటికి కాళ్లు నొప్పెట్టి ఉంటాయి.

ఈ తప్పు నేనూ చేశాను. వీణ నాదం నీలంగా పరుచుకుందని ఒక కథలో రాస్తే, బొమ్మలేసే స్నేహితుడొకాయన "ఏ నీలం? అల్ట్రామెరైనా, ప్రష్యన్ బ్లూనా?" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు.

సినెస్థీషియా, అంటే శబ్దం వింటే రంగు కనబడడం లాంటిది, ఉన్నవాడికి అది ఉపమానం కాదు. ఇడ్లీ పిండి పులిసిందని మనం చెప్పినంత మామూలుగా, ఆ స్వరం ఆకుపచ్చ అంటాడు. అది రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. నిరుడు ఆకుపచ్చగా ఉన్నది ఈ ఏడూ దాదాపు అంతే. ఇంకొకరితో మాత్రం కలవదు. రష్యన్ సంగీతకర్తలు ఇద్దరున్నారు: పాశ్చాత్య సంగీతంలో సి మేజర్ అనే స్వరశ్రేణి రిమ్‌స్కీ కోర్సకోవ్‌కి తెలుపు, స్క్రియాబిన్‌కి ఎరుపు. కల్యాణి బంగారు రంగని నువ్వు రాసేస్తే ఎవరు ఒప్పుకుంటారు? దాని కోసం నీ పెయింటరు పక్క సీటాయనతో పోట్లాడాలి. శంకరాభరణం రాగానికీ కల్యాణికీ తేడా ఒక్క మధ్యమమే, ఆ 'మ' స్వరమే కదా. ఆ ఒక్కటీ మారినప్పుడు అతనికి మొత్తం రంగు మారిందా, అంచు మాత్రమే కందిందా? నీ కథ అక్కడుంది. నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేసి క్యాంటీన్ కాఫీకి వెళ్లిపోయావు. (కాఫీ బాగా రాశావు, అది వేరే సంగతి.)

ఇంకోటి. రంగు కనబడగానే బొమ్మ అయిపోయినట్టు రాశావు. 1896 ప్రాంతంలో మాస్కోలో వాగ్నర్ ఒపేరా వింటుంటే తన రంగులన్నీ కళ్లకు కట్టాయని అబ్‌స్ట్రాక్ట్ పెయింటరు కాండిన్‌స్కీ తర్వాత రాసుకున్నాడు. అప్పటికాయన లా చదివిన మనిషి. 1911 జనవరిలో మ్యూనిక్‌లో సంగీతకర్త షోన్‌బర్గ్ కచేరీ విని వేసిన బొమ్మకైనా ముందు స్కెచ్‌లున్నాయి. వాటిలో పియానో, జనం పోల్చుకునేలా ఉంటారు. కాన్వాస్ మీదికొచ్చేసరికి పియానో ఒక నల్లటి ముద్ద, పక్కన పసుపు వరద. ఒపేరాకీ ఈ బొమ్మకీ మధ్య పదిహేనేళ్లు. నలుపు ఎంత మేర ఉండాలి, పసుపు ఎక్కడ ఆగాలి అన్న తంటా అంతా చేతిది. నీ కథలో అతని చెయ్యే కనబడదు.

గమకం, స్వరంలోని ఆ ఊపు, క్షణంలో పోతుంది. ఆయిల్ రంగు ఆరడానికి రోజులు పడుతుంది. ఈలోపు విన్నది జారిపోతుందేమోనని అతనికి టెన్షన్ ఉండదూ? అది రాయి. ఒకరోజు ఎవరైనా పెయింటరు దగ్గర కూర్చో. ఏమీ అడక్కు, ఏ రంగుని ఎన్నిసార్లు గీకి పారేస్తున్నాడో లెక్కపెట్టు.

నాలుగో పేజీలో ఇంటి ఓనరమ్మ ఆ బొమ్మని చూసి, "ఇంతకీ ఇది ఏ రాగం బాబూ?" అంటుంది చూడు, దాన్ని మాత్రం ముట్టుకోకు.

మైలాపూర్ నుంచి,
మీ అన్నయ్య